రూలు ప్రకారమే మునిగిన ఓడ

గుంటూరులో పుట్టిన ఒక పన్నెండేళ్ల పిల్ల టైటానిక్‌లో ప్రయాణించిందంటే మనలో చాలామందికి కొత్త విషయమే. పేరు రూత్ బెకర్. నాన్న అలెన్ బెకర్ గుంటూరు లూథరన్ మిషన్‌లో పనిచేసే అమెరికన్ పాస్టర్. రెండేళ్లు నిండని తమ్ముడు రిచర్డ్‌కి జబ్బు చేసింది. ఇక్కడి వాతావరణంలో ఉంటే బతకడన్నారు డాక్టర్లు. దాంతో తల్లి నెల్లీ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని అమెరికాలోని మిషిగన్‌కి బయల్దేరింది. నాన్న ఇక్కడే ఉండిపోయాడు. ఇంగ్లండ్ చేరాక, 1912 ఏప్రిల్ 10న సౌతాంప్టన్ రేవులో రెండో తరగతి టికెట్ మీద వాళ్లు ఎక్కిన ఓడ అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దది. దానికదే మొదటి ప్రయాణం.

నాలుగు రోజుల తర్వాత ఓడకి మంచుకొండ తగిలింది. అర్ధరాత్రి దాటాక, లైఫ్‌బోట్లున్న డెక్ మీద చలికి తట్టుకోలేక తల్లి రూత్‌ని మళ్లీ కిందికి పంపింది, గదిలోంచి దుప్పట్లు పట్టుకురమ్మని. పిల్ల వెళ్లి తెచ్చింది. ఈలోగా 11వ నంబరు బోటు నిండిపోతోంది. సిబ్బంది చిన్నపిల్లలిద్దర్నీ అందులోకి ఎక్కించి, ఇక చోటు లేదన్నారు. పిల్లలతో పాటు నన్నూ పోనివ్వండని తల్లి బతిమాలితే ఆవిణ్ని కూడా ఎక్కించారు. తాళ్ల మీద బోటు కిందికి దిగసాగింది. పైన దుప్పట్లు పట్టుకుని రూత్ ఒక్కతే మిగిలింది. ఇంకో బోటు ఎక్కమని తల్లి కింది నుంచి అరిచింది.

ఆ బోటులో పన్నెండేళ్ల పిల్లకి చోటు లేకపోయింది. అదే రాత్రి, ఓడకి అదే పక్క నుంచి, సుమారు అరగంట ముందు 1వ నంబరు బోటు వెళ్లిపోయింది. అందులో 40 మందికి చోటుంది. ఎక్కింది 12 మంది. ఆ పన్నెండు మందిలో ఏడుగురు ఓడ సిబ్బందే.

ఈ రెండు బోట్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఎవడో ఒకడు దీనికి బాధ్యుడు కావాలి అనిపిస్తుంది. వందేళ్లుగా జనం వెతుకుతున్నదీ ఆ ఒకణ్నే. కెప్టెన్ పొగరన్నారు, యజమాని తొందరన్నారు, మూడో తరగతి వాళ్లని గేట్లు వేసి బంధించారన్నారు. ఒక్కోదాంట్లో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ రెండున్నర గంటల్నీ విడివిడిగా విప్పి చూస్తే కనిపించేది వేరు. చాలా పనులు అప్పటి రూలు ప్రకారం జరిగాయి. రూలు లేనిచోట ఆనవాయితీ ప్రకారం జరిగాయి. నాకు ఈ కథలో గుండె గుభేలుమనిపించే భాగం అదే.

ముందు బోట్ల లెక్క చూద్దాం. ఓడలో ఆ రాత్రి ఉన్నది సుమారు 2,200 మంది. లైఫ్‌బోట్లు 20. పద్నాలుగు పెద్దవి, ఒక్కోదాంట్లో 65 మంది. రెండు చిన్నవి, నలభై మంది చొప్పున. పక్కలకి కాన్వాసు మడతలుండే మరో నాలుగు, 47 మంది చొప్పున. అన్నీ కిక్కిరిసి నిండినా 1,178 మంది. అంటే సగానికి కాస్త ఎక్కువ. ఓడ పూర్తిగా నిండి ఉంటే మూడోవంతు పైచిలుకు మాత్రమే.

ఇది నేరం కదా అంటే, కాదు. బ్రిటన్‌లో ఓడల వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ ట్రేడ్ రాసిన రూలు అడిగినదానికన్నా టైటానిక్‌లో బోట్లు ఎక్కువే ఉన్నాయి! ఆ రూలు 1894 నాటిది. ఎన్ని టన్నుల ఓడకి (ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి చోటుకి కొలత) ఎన్ని బోట్లు అని ఒక పట్టిక వేశారు. అందులో ఆఖరి గడి, 10,000 టన్నులూ ఆ పైన. అలాంటి ఓడకి డావిట్ల కింద, అంటే బోటుని దించే కొక్కేల కింద, 16 బోట్లుంటే చాలు. 1894లో అతిపెద్ద ఓడలే 13,000 టన్నులకి లోపు, కాబట్టి అప్పటికి ఆ పట్టిక సరిపోయింది. పద్దెనిమిదేళ్లలో ఓడలు 46,000 టన్నులకి పెరిగాయి. పట్టిక మాత్రం మూడో క్లాసులో కుట్టించిన చొక్కాలా అలాగే ఉండిపోయింది.

మరి ఇంతకాలం ఎవరూ అడగలేదా? అడిగారు. డావిట్లు కూడా ఒక్కోటి ఒకటికి మించి బోట్లు దించగలిగే రకమే పెట్టారు, రేపు రూలు మారితే పనికొస్తాయని. రూలు మారలేదు, అదనపు బోట్లూ రాలేదు. పైగా అప్పటి ఆలోచనకి గట్టి సాక్ష్యం కూడా దొరికింది. 1909 జనవరిలో ఇదే వైట్ స్టార్ కంపెనీ ఓడ రిపబ్లిక్‌ని పొగమంచులో మరో ఓడ గుద్దింది. వైర్‌లెస్‌లో కబురు పంపితే సాయం వచ్చింది. రిపబ్లిక్ మునగడానికి ఒకరోజు పైనే పట్టింది కాబట్టి బోట్లు అటూ ఇటూ తిరుగుతూ జనాన్ని చేరవేశాయి. గుద్దుడులో పోయిన కొద్దిమంది తప్ప అందరూ బతికారు. దీంతో లైఫ్‌బోటు అంటే గోదావరి రేవులో పడవలాంటిది, నాలుగు ట్రిప్పులు వేస్తుంది, అందరూ ఒకేసారి ఎక్కనక్కర్లేదు అన్న నమ్మకం ఖాయమైపోయింది. ఓడ నిదానంగా మునగాలి, పక్కన ఇంకో ఓడ ఉండాలి. ఈ రెండు షరతులూ ఎవరూ పైకి చెప్పలేదు, అంతే.

ఓడ నిదానంగానే మునుగుతుందన్న ధీమా ఎక్కడిది? దాని పొట్టలోని గదులది. ఓడ అడుగుభాగాన్ని అడ్డగోడలతో 16 గదులుగా విడగొట్టారు. ముందువైపు నాలుగు గదులు నిండినా ఓడ తేలుతుంది. ఐదు నిండితే మాత్రం తేలదు. ఎందుకంటే ఆ అడ్డగోడలు పైదాకా లేవు. నీటిమట్టానికి కొన్ని అడుగుల ఎత్తులోనే ఆగిపోయాయి. వరిమడుల్ని ఊహించుకోండి. గట్టు తెగకపోయినా, పై మడి నిండితే నీళ్లు గట్టు పొర్లి పక్క మడిలోకి దిగుతాయి. ముక్కు నీళ్లలోకి వంగేకొద్దీ ఒక గది గోడ మీంచి తర్వాతి గదిలోకి, అక్కణ్నుంచి ఆ పై గదిలోకి, వరసగా. ఓడని డిజైన్ చేసిన థామస్ ఆండ్రూస్ ఓడలోనే ఉన్నాడు. కిందికెళ్లి చూసొచ్చి, గంట, గంటన్నర అని కెప్టెన్‌కి చెప్పాడు. ఆయనా బతకలేదు.

మంచుకొండ ఓడ పక్కని చీరేసిందనీ, మూడొందల అడుగుల కోత పడిందనీ చాలాకాలం చెప్పుకున్నారు. ఓడ కట్టిన హార్లాండ్ అండ్ వోల్ఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ వైల్డింగ్ నీళ్లు నిండిన వేగాన్ని బట్టి అప్పుడే లెక్కగట్టాడు, కంతలన్నీ కలిపినా 12 చదరపు అడుగులు మించవని. అంటే మన ఇంటి తలుపు చెక్కలో సగం పైచిలుకు. 1996లో బురద కింద సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో వెతికే పరికరంతో చూస్తే ఆయన లెక్కే నిజమని తేలింది. కనిపించింది పెద్ద కోత కాదు, ఆరుచోట్ల రేకుల మధ్య విచ్చుకున్న సన్నని సందులు. కంత పెద్దదై మునగలేదు. సన్నని సందులే అయినా అవి పొడవునా చాలా గదుల్ని తాకాయి, అందుకు మునిగింది. ముక్కు నేరుగా మంచుకి కొట్టుకుని ఉంటే ముందు గదులు నలిగినా ఓడ రేవుకి చేరేదని అదే వైల్డింగ్ విచారణలో అన్నాడు. అయితే ఎదురుగా కొండ కనిపిస్తే తప్పించబోవడం ఏ ఓడవాడికైనా చేతుల్లోకి వచ్చేసే పని. దాన్ని తప్పుపట్టలేం.

ఇక వేగం. మంచుందని తెలిసీ అంత స్పీడు ఎందుకు? ఏప్రిల్ 14 ఆదివారం రాత్రి 11:40కి కొండ తగిలినప్పుడు టైటానిక్ గంటకి 41 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వెళ్తోంది. ఊళ్లో స్కూటర్ అంత. కాకపోతే యాభై వేల టన్నులు దాటిన బరువుకి బ్రేకులుండవు. కాపలావాడు ఫ్రెడరిక్ ఫ్లీట్ గంట కొట్టి, ఎదురుగా మంచుకొండ అని ఫోన్ చేశాక కొండ తగలడానికి ఒక నిమిషమైనా పట్టలేదు. వెన్నెల లేదు. సముద్రం అద్దంలా ఉంది. అది మంచి శకునం అనిపిస్తుంది గానీ కాదు. అలలుంటే కొండ మొదట్లో తెల్లటి నురగ కనబడేది.

ఆ రోజు మంచు గురించి హెచ్చరికలు చాలానే అందాయి. కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ దారిని కాస్త దక్షిణానికి మళ్లించాడు గానీ వేగం తగ్గించలేదు. ఎందుకంటే అట్లాంటిక్ మీద అప్పటి పద్ధతే అది. ఆకాశం తేటగా ఉంటే పూర్తి వేగంతో వెళ్లు, కాపలావాడి కళ్లని నమ్ము, కనిపించాక తిప్పు. పాతికేళ్లుగా అందరు కెప్టెన్లూ చేసింది అదే, ఏ ప్రమాదమూ జరగలేదు. బ్రిటిష్ విచారణ నడిపిన లార్డ్ మెర్సీ ఈ సంగతి ఒప్పుకున్నాడు. అందరూ చేసేదే చేసినవాణ్ని నిర్లక్ష్యం కింద పట్టుకోలేనన్నాడు. కానీ ఇక నుంచి ఇలాంటిది ఎవరు చేసినా అది నిర్లక్ష్యమే అని తేల్చాడు. నిన్నటి పొరపాటు రేపటి నుంచి తప్పు! వినడానికి తప్పించుకునే తీర్పులా ఉంటుంది గానీ నా దృష్టిలో ఆ నివేదిక మొత్తంలో నిజాయితీగా ఉన్న మాట అదే.

యజమాని బ్రూస్ ఇస్మే కథ వేరు. రికార్డు కోసం కెప్టెన్‌ని తొందరపెట్టాడని పత్రికలు ఏకిపారేశాయి. అసలు టైటానిక్‌ని రికార్డు వేగం కోసం కట్టనేలేదు. అంత వేగం పోటీ కంపెనీ ఓడలకే ఉంది. ఇస్మే చేసిన పాపమల్లా ఆఖరి బోట్లలో ఒకటెక్కి బతకడం. చనిపోయిన కెప్టెన్ వీరుడయ్యాడు, బతికిన యజమాని పిరికివాడయ్యాడు.

వైర్‌లెస్ దగ్గరికొస్తే రూలు లేకపోవడం ఎంత ఖరీదో తెలుస్తుంది. టైటానిక్‌లో జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్ అని ఇద్దరు ఆపరేటర్లు. వీళ్లు ఓడ కంపెనీ మనుషులు కారు, మార్కోనీ కంపెనీ ఉద్యోగులు. ప్రధానంగా వాళ్ల పని ప్రయాణికుల ప్రైవేటు టెలిగ్రాములు పంపడం. దానిమీదే కంపెనీకి ఆదాయం. ముందురోజు యంత్రం పాడై, ఇద్దరూ కూర్చుని బాగుచేసుకునేసరికి టెలిగ్రాములు గుట్టపడ్డాయి. ఆదివారం రాత్రి ఫిలిప్స్ కెనడా తీరంలోని కేప్ రేస్ స్టేషన్‌కి వాటిని వరసగా కొడుతున్నాడు. రాత్రి పదకొండు కావస్తుండగా దగ్గర్లోని కాలిఫోర్నియన్ అనే ఓడ నుంచి సిరిల్ ఎవాన్స్ మధ్యలో వచ్చాడు, చుట్టూ మంచుంది, మేం ఆగిపోయాం అని. దగ్గరి ఓడ కాబట్టి సిగ్నల్ చెవులు పగిలేలా వచ్చింది. నోరుమూసుకో, పనిలో ఉన్నాను అన్నాడు ఫిలిప్స్.

ఈ మాట వందేళ్లుగా ఫిలిప్స్‌ని వెంటాడింది. కానీ కెప్టెన్‌కి అందించాల్సిన కబురుకి ముందు ఒక సంకేతం పెట్టాలి, అప్పుడు ఆపరేటర్ దాన్ని ఆపకుండా పైకి పంపాలి. ఎవాన్స్ ఆ సంకేతం పెట్టలేదు, ఊరికే మాట్లాడినట్టు మొదలుపెట్టాడు. పైగా ఆపరేటర్ల మధ్య ఆ మొరటు భాష మామూలే. ఎవాన్స్ నొచ్చుకోలేదు కూడా. ఇంకాసేపు విని, పదకొండున్నర ప్రాంతంలో చెవుల నుంచి ఫోన్లు తీసి పడుకున్నాడు. పొద్దున ఏడింటి నుంచీ కూర్చున్నవాడు, ఓడలో ఆపరేటర్ అతనొక్కడే. రాత్రంతా ఎవరో ఒకరు వింటూ ఉండాలన్న రూలు లేదు. అతను పడుకున్నాక పది నిమిషాలకి టైటానిక్ మంచుకొండని తాకింది.

ఇప్పుడు మరో ఓడలోని ఆపరేటర్ సంగతి. కార్పేథియా అనే ఓడలో హెరాల్డ్ కాటమ్ కూడా ఒంటరివాడే, అతనూ పడుకోబోతున్నాడు. ఇంకో ఓడ నుంచి రావాల్సిన జవాబు కోసం చెవులకి ఫోన్లు తగిలించుకునే బట్టలు మార్చుకుంటున్నాడు. ఆ కాసేపట్లో టైటానిక్ కేక వినబడింది. కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రన్ 58 మైళ్ల దూరం నుంచి, మంచుకొండల మధ్య నుంచి, ఓడ శక్తికి మించిన వేగంతో వచ్చి తెల్లవారుజామున నాలుగింటికి చేరుకున్నాడు. చీకట్లో మంచులో వేగంగా నడిపినందుకు ఒక కెప్టెన్‌కి నింద, ఇంకో కెప్టెన్‌కి పతకం. దైవం అనుకోండి, లక్కు అనుకోండి. బతికిన 700 పైచిలుకు మందీ ఒక కుర్రాడు బూట్లు విప్పడంలో ఆలస్యం చేసినందుకు బతికారు.

కాలిఫోర్నియన్ గొడవ ఇప్పటికీ తెగలేదు. దాని అధికారులు దూరాన తెల్ల రాకెట్లు చూశారు. ఎనిమిది లెక్కపెట్టారు. నిద్రలో ఉన్న కెప్టెన్ స్టాన్లీ లార్డ్‌కి చెప్పారు. అవి ఏదైనా కంపెనీ గుర్తు సిగ్నళ్లా అని అడిగి, దీపంతో మోర్స్ సంకేతాలు కొట్టి చూడమన్నాడు. ఎవాన్స్‌ని మాత్రం తెల్లారేదాకా ఎవరూ లేపలేదు. అసలు రెండు ఓడల మధ్య దూరం ఎంత అన్నదాని మీదే ఓడల చరిత్ర రాసేవాళ్లు రెండు వర్గాలై కొట్టుకుంటున్నారు. కెప్టెన్ లార్డ్ లెక్క 19 మైళ్ల పైన, మెర్సీ లెక్క అందులో సగం. నేను ఏ వర్గంలోనూ లేను గానీ ఒక్కటి మాత్రం అంటాను. అప్పటి రూల్లో ప్రమాద రాకెట్టు ఏ రంగైనా కావచ్చు. కంపెనీలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి కాల్చుకునేవీ రాకెట్లే. ఒకే వస్తువుకి రెండు అర్థాలు పెట్టాక, నిద్రమత్తులో ఉన్న మనిషి తనకి సులువైన అర్థమే తీసుకుంటాడు. లేచి ఆపరేటర్‌ని తట్టి లేపడానికి ఐదు నిమిషాలు పట్టేది, అది వేరే సంగతి.

తిరిగి డెక్ మీదికి వద్దాం. మొదటి బోటు దిగింది 12:45కి, కొండ తగిలిన గంటకి. 65 మంది పట్టే ఆ బోటులో ఎక్కింది 28 మంది. ఎందుకంటే ఎవరూ రామన్నారు. వెనక లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి, బ్యాండు వాయిస్తున్నారు, లోపల వెచ్చగా ఉంది. కింద చూస్తే నల్లటి నీళ్లు, డెబ్బై అడుగుల లోతున ఊగుతున్న చెక్క బోటు. మీరైనా నేనైనా ఏది ఎంచుకుంటాం? ఓడంతటికీ వినబడే మైకు లేదు, సైరన్ లేదు, స్టీవార్డులు, అంటే ప్రయాణికుల్ని చూసుకునే సిబ్బంది, తలుపు తలుపూ తట్టాలి. ప్రయాణికులకి ఒక్కసారి కూడా బోటు డ్రిల్లు జరగలేదు, ఎవరు ఏ బోటు దగ్గరికెళ్లాలో ఎవరికీ తెలియదు. నిండా మనుషులతో దించితే బోటు మధ్యకి విరుగుతుందేమోనని అధికారులకి భయం. విరగదని బెల్‌ఫాస్ట్‌లో బరువులు పెట్టి పరీక్షించారు గానీ, ఆ ముక్క ఇక్కడ దించేవాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఒక వాదన ఉంది, యాభై బోట్లున్నా దించే టైమ్ లేదని. ఇందులో నిజం ఉంది. ఆఖరి రెండు బోట్లు దించకుండానే నీళ్లు డెక్ మీదికొచ్చేశాయి. కానీ ఉన్నవాటిలో ఖాళీగా పోయిన సీట్లే నాలుగొందల పైచిలుకు.

స్త్రీలు, పిల్లలు ముందు అన్న ఆర్డర్ కూడా ఓడకి రెండు పక్కల రెండు రకాలుగా అమలైంది. ఎడమ పక్క లైటోలర్ అనే అధికారి దాన్ని స్త్రీలు, పిల్లలు మాత్రమే అని అర్థం చేసుకున్నాడు. సీట్లు ఖాళీగా ఉన్నా మగవాళ్లని ఎక్కనివ్వలేదు. కుడి పక్క మర్డాక్ అనే అధికారి, ఆడవాళ్లు ఎవరూ కనబడకపోతే మగవాళ్లని రమ్మన్నాడు. మనిషి బతుకు ఏ పక్క మెట్లెక్కాడన్నదాని మీద ఆధారపడింది.

దీనికి తోడు తరగతి. బ్రిటిష్ విచారణ అంకెల ప్రకారం మొదటి తరగతి స్త్రీలు 144 మందిలో 140 మంది బతికారు. మూడో తరగతిలో 165 మందిలో 76 మందే. రెండో తరగతి పిల్లలు 24 మందీ బయటపడ్డారు. మూడో తరగతి పిల్లలు 79 మందిలో 27 మంది. ఇక్కడ ఒక వింత. అందరికన్నా తక్కువ శాతం బతికింది మూడో తరగతి మగవాళ్లు కాదు, రెండో తరగతి మగవాళ్లు. 168 మందిలో 14 మంది. బడిపంతుళ్లు, దుకాణదారులు, గుమాస్తాల్లాంటి మధ్యతరగతి వాళ్లు, చెప్పిన మాట విని పక్కకి నిలబడ్డవాళ్లు.

మూడో తరగతి వాళ్లని తాళాలేసి చంపారా? సినిమాల్లో చూసినట్టు నిలువెత్తు ఇనుప గేట్లు నిజానికి చాలాచోట్ల లేవు, నడుమెత్తు గేట్లే. అవి ఎందుకున్నాయంటే, మళ్లీ రూలు. అంటురోగాల భయంతో వలసవచ్చేవాళ్లని మిగతా ప్రయాణికులతో కలవనివ్వొద్దని అమెరికా ఇమిగ్రేషన్ చట్టం. ఆ గేట్లు తెరిచి ఉన్నా వాళ్లుండే చోటు నుంచి బోట్ల డెక్‌కి సరాసరి దారి లేదు. రెండో తరగతి, మొదటి తరగతి నడవాల గుండా తిరుగుతూ పోవాలి. చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు. జాన్ హార్ట్ అనే స్టీవార్డు తనంతట తాను మొదట ముప్ఫై మందిని, మళ్లీ వెనక్కెళ్లి పాతికమందిని వెంటబెట్టుకుని పైకి చేర్చాడు. మూడోసారికి పోనివ్వలేదు, బోటులోకి ఎక్కమన్నారు. ఒక్క మనిషి దారి చూపిస్తే అంతమంది వచ్చారంటే, ఆ పని ఓడలో ఎవరికీ అప్పజెప్పలేదన్నమాట. విచారణలో మెర్సీ, మూడో తరగతి పట్ల వివక్ష ఏమీ జరగలేదని తేల్చాడు. ఆ విచారణలో సాక్ష్యం చెప్పడానికి పిలిచిన మూడో తరగతి ప్రయాణికులు ఎంతమందయ్యా అంటే సున్నా.

రూత్ 13వ నంబరు బోటు దగ్గరికెళ్లి, నేను ఎక్కొచ్చా అని అధికారిని అడిగింది. ఎత్తి లోపల పెట్టాడు. బోటు నీళ్లని తాకేసరికి ఓడ పక్క నుంచి ఇంజన్ నీళ్లు ధారగా వచ్చి దాన్ని వెనక్కి తోశాయి. సరిగ్గా ఆ పైనుంచి 15వ నంబరు బోటు దిగుతోంది. పైవాళ్లకి కిందివాళ్లు కనబడరు. ఆపండి, ఆపండి అని అరుపులు. పై బోటు అడుగు చేత్తో తాకేంత దగ్గరికొచ్చింది. ఇద్దరు కత్తులతో తాళ్లు కోసేస్తే బోటు పక్కకి జరిగింది. అందులో ఉన్న కొలిమి కార్మికులు బాయిలర్ల వేడిలో వేసుకునే పల్చటి బనీన్లతోనే ఉన్నారు. తల్లి కోసం తెచ్చిన దుప్పట్లని కోసి వాళ్లకి కప్పారు. పొద్దున కార్పేథియా మీద చాలాసేపు వెతికాక రూత్‌కి అమ్మ దొరికింది.

అక్కడ ఎక్కువమందిని చంపింది మునక కాదు, చలి. నీళ్లు సున్నాకి రెండు డిగ్రీలు తక్కువ. లైఫ్ జాకెట్లతో తేలుతూనే కాసేపట్లో పోయారు. ఓడ 2:20కి మునిగింది. సిబ్బంది జీతాలు కూడా ఆ నిమిషానికే ఆగిపోయాయి. ఓడ పోతే ఉద్యోగం పోయినట్టే అన్నది అప్పటి పద్ధతి. ఎనిమిది మంది బ్యాండువాళ్లూ చనిపోతే, వాళ్లలో ఒక కుర్రాడి తండ్రికి యూనిఫాం బాకీ కట్టమని బిల్లు వచ్చింది. బతికిన ఆరుగురు చైనా నావికుల్ని చైనీయుల ప్రవేశ నిషేధ చట్టం కింద న్యూయార్క్‌లో అడుగుపెట్టనివ్వకుండా మర్నాడే ఇంకో ఓడెక్కించి పంపేశారు. ఇవన్నీ కూడా రూలు ప్రకారమే.

మార్పులు ఎంత త్వరగా వచ్చాయంటే, అవి ముందే ఎందుకు రాలేదా అని కోపం వస్తుంది. 1914 జనవరిలో లండన్‌లో దేశాలు కూర్చుని, సోలాస్ అని ఇప్పుడు అందరూ పిలిచే సముద్ర భద్రతా ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ బోటులో చోటు, డ్రిల్లు, పెద్ద ఓడల్లో ఇరవై నాలుగు గంటలూ వైర్‌లెస్ కాపలా, మంచుకొండల మీద నిఘాకి ఐస్ పెట్రోల్. ప్రపంచయుద్ధం వచ్చి అమలు వెనకబడింది గానీ, ఆ ఒప్పందమే మారుతూ మారుతూ ఇవాళ్టికీ నడుస్తోంది. విశాఖ నుంచి మర్చంట్ నేవీలోకి వెళ్లిన కుర్రాణ్ని అడిగి చూడండి, నెలనెలా బోటు డ్రిల్లు ఎందుకు చేస్తారో చెబుతాడు.

బోట్లు పెంచితే సరిపోతుందా? ఆ 1914లోనే, మే 29న కెనడాలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే ఓడని పొగమంచులో మరో ఓడ గుద్దింది. బోట్లు అందరికీ సరిపడా ఉన్నాయి. ఓడ పక్కకి ఒరిగి 14 నిమిషాల్లో మునిగింది, వెయ్యిమందికి పైగా చనిపోయారు. మరుసటేడు షికాగోలో జరిగింది ఇంకా ఘోరం. ఈస్ట్‌లాండ్ అనే విహార నౌక ముందే తల బరువుది. టైటానిక్ తర్వాత వచ్చిన ఒత్తిడితో దానిమీద అదనంగా బోట్లు, తెప్పలు ఎక్కించారు. 1915 జులై 24న, రేవుకి తాళ్లతో కట్టి ఉండగానే, నదిలో పక్కకి పడిపోయింది. 844 మంది పోయారు. ప్రాణాలు కాపాడటానికి పెట్టిన బోట్లు కూడా ఆ మరణాల్లో పాలుపంచుకున్నాయి.

1985 సెప్టెంబరు 1న రాబర్ట్ బల్లార్డ్, జాన్ లూయీ మిషెల్ బృందాలు సుమారు 3,800 మీటర్ల లోతులో శిథిలాన్ని కనిపెట్టినప్పుడు అది రెండు ముక్కలై ఉంది. మునిగేముందు ఓడ విరిగిందని బతికినవాళ్లు చాలామంది 1912లోనే చెప్పారు. అధికారులు కాదన్నారు, కాబట్టి విచారణ నివేదికలో ఓడ ఒకే ముక్కగా మునిగింది. కళ్లారా చూసినవాళ్ల మాటకి విలువ రావడానికి 73 ఏళ్లు పట్టింది.

2012 జనవరి 13న, టైటానిక్‌కి సరిగ్గా నూరేళ్లు నిండబోతుండగా, ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాళ్లకి కొట్టుకుని 32 మంది చనిపోయారు. ఆరోజే ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్లు జరగలేదు. ప్రయాణం మొదలైన 24 గంటల్లోపు చేస్తే చాలన్నది అప్పటి రూలు, కాబట్టి తప్పేమీ జరగలేదు! ఆ తర్వాతే, బయల్దేరే ముందో బయల్దేరిన వెంటనేనో చేయాలని మార్చారు. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాన్ని చూపించడానికి దిగిన టైటన్ జలాంతర వాహనానిది ఇంకో దారి. ఏ సంస్థ తనిఖీకీ లోబడకుండా, రూల్సు కొత్త ప్రయోగాలకి అడ్డమని చెప్పుకుంటూ తయారైంది. లోపలున్న ఐదుగురూ పోయారు.

రూత్ చదువుకుని అమెరికాలో టీచరయ్యారు. ఆ రాత్రి గురించి దశాబ్దాలపాటు నోరు విప్పలేదు, కన్నపిల్లలకి కూడా చాలాకాలం తెలియదు. రిటైరయ్యాక, శిథిలం వెతుకులాట వార్తల్లోకి వస్తున్న రోజుల్లో మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. దుప్పట్లు, 13వ నంబరు బోటు, అరుపులు. 1990 మార్చిలో, తొంభై ఏళ్ల వయసులో, 1912 తర్వాత మొదటిసారి సముద్రం మీదికి వెళ్లారు. మెక్సికోకి, షికారు ఓడ మీద. ఆ జులైలో చనిపోయారు. 1994 ఏప్రిల్‌లో ఆవిడ చితాభస్మాన్ని తీసుకెళ్లి, కింద టైటానిక్ ఉన్నచోట అట్లాంటిక్‌లో కలిపారు.